పాల కేంద్రం రిజిస్టరుకు మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో సొంత నమోదు ఫారం తయారు చేసుకునే విధానం

డేటా నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఏదైనా, అది తనంతట తాను ఇచ్చే ఫారం అందరికీ సరిపోయేలా ఉంటుంది కాబట్టి ఎవరికీ పూర్తిగా సరిపోదు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఒక టేబుల్ తయారు చేసి క్రియేట్ ట్యాబ్‌లోని ఫారం బటన్ నొక్కితే, ఆ టేబుల్‌లో ఉన్న ఫీల్డులన్నీ ఉన్న వరుసలోనే తెర మీద పరుచుకుంటాయి. ఆఫీసులో తీరిగ్గా కూర్చుని నింపే పనికి అది చాలవచ్చు. తెల్లవారుజామున క్యాన్లతో వరుసలో నిలబడిన రైతుల ముందు, ఒక చేత్తో నమూనా సీసా సర్దుతూ మరో చేత్తో అంకెలు కొట్టే పాల కేంద్రం కార్యదర్శికి మాత్రం అది చాలదు. అందుకే ఈ వ్యాసంలో పాల సేకరణ కేంద్రాన్నే ఉదాహరణగా తీసుకుని, సొంత నమోదు ఫారాన్ని మొదటి అడుగు నుంచి వివరిస్తున్నాను.

ఫారం ఎలా ఉండాలన్న ప్రతి నిర్ణయానికీ నేను ఒకే కొలబద్ద వాడతాను: తప్పు పడితే, ఆ పాలు పోసిన మనిషి ఇంకా ఎదురుగా నిలబడి ఉండగానే అది బయటపడాలి. బిల్లు రోజున బయటపడిన తప్పుకు సాక్ష్యం ఉండదు, ఎందుకంటే ఆ పాలు అప్పటికే ట్యాంకరు ఎక్కి వెళ్లిపోయి ఉంటాయి.

మొదటి అడుగు: కంప్యూటర్ తెరవకముందు

ఒక ఉదయం పూట, ఒక సాయంత్రం పూట కేంద్రంలో కూర్చుని పని జరిగే వరుసను కాగితం మీద రాసుకోండి. సాధారణంగా రైతు తన సభ్య సంఖ్య చెబుతాడు, పాలు కొలతకు వెళతాయి, లీటర్లు చదువుతారు, నమూనా తీస్తారు, పరీక్ష యంత్రం వెన్న శాతాన్ని, వెన్న కాని ఘనపదార్థాల శాతమైన ఎస్ఎన్ఎఫ్‌ను చూపిస్తుంది, అవి రిజిస్టరులోనూ రైతు పాస్ పుస్తకంలోనూ పడతాయి. ఫారంలో గడుల వరుస దీన్ని అక్షరాలా అనుసరించాలి.

ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటుంది. కొన్ని కేంద్రాలలో పరీక్ష ఫలితం అక్కడికక్కడే వస్తుంది. మరికొన్నింటిలో నమూనా సీసాలకు సంఖ్యలు వేసి పక్కన పెట్టి, పాలు పోయడం పూర్తయ్యాక అన్నింటినీ కలిపి పరీక్షిస్తారు. రెండో పద్ధతిలో వెన్న శాతం గడిని తప్పనిసరి చేస్తే, కార్యదర్శి ముందుకు కదలలేక ఏదో ఒక అంకె వేసి వెళ్లిపోతాడు, ఆ అంకె తర్వాత సరిదిద్దబడకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి అలాంటి కేంద్రానికి రెండు ఫారాలు కావాలి: లీటర్లు నమోదు చేసేది ఒకటి, వెన్న శాతం ఖాళీగా ఉన్న వరుసలను మాత్రమే సీసా సంఖ్య ప్రకారం చూపించి ఫలితాలను నింపించుకునేది మరొకటి.

రెండో అడుగు: టేబుళ్లు

ఫారం అందంగా ఉండి టేబుల్ బలహీనంగా ఉంటే ఆ శ్రమ వృథా. మొదట నాలుగు టేబుళ్లు సరిపోతాయి: సభ్యులు, రేట్లు, పూటలు, పాల నమోదు. పూటల టేబుల్‌లో తేదీ, ఉదయమా సాయంత్రమా అన్న సంకేతం, ఆ పూట ముగిసిందా లేదా అన్న ఎస్/నో ఫీల్డు ఉంటాయి. పాల నమోదులో పూట సంఖ్య, సభ్య సంఖ్య, పశువు సంకేతం, లీటర్లు, వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్, రేటు, మొత్తం ఉంటాయి; నమూనాలను తర్వాత కలిపి పరీక్షించే కేంద్రమైతే సీసా సంఖ్య కూడా ఉండాలి.

సభ్య సంఖ్యకు ఆటోనంబర్ (యాక్సెస్ తనంతట తాను వేసే సంఖ్య) వాడకండి. అది సంఘం ఇచ్చిన సంఖ్య, ఊళ్లో అందరికీ తెలిసిన సంఖ్య. దాన్నే ప్రైమరీ కీగా (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే ఫీల్డుగా) ఉంచి, మానేసిన సభ్యుల సంఖ్యను మరొకరికి ఇవ్వకుండా, వాడుకలో ఉన్నారా లేదా అని ఒక ఎస్/నో ఫీల్డు పెట్టుకుంటే మంచిది. ఫోన్ నంబరును షార్ట్ టెక్స్ట్‌గా ఉంచాలి, ఎందుకంటే దానితో కూడికలు చేయము. లీటర్లు, రేటు వంటి వాటికి కరెన్సీ రకాన్ని ఎంచుకోవాలని నా సలహా. పేరు డబ్బుదే అయినా అది దశాంశం తర్వాత నాలుగు స్థానాల వరకు కచ్చితంగా నిలుపుతుంది. దశాంశ సంఖ్యలకు వాడే డబుల్ రకంలో వచ్చే సూక్ష్మమైన తేడాలు దీనిలో రావు, రూపాయి గుర్తు కనపడకుండా ఫార్మాట్ మార్చుకోవచ్చు.

అంకెల ఫీల్డుకు యాక్సెస్ తనంతట తాను డిఫాల్ట్ వాల్యూగా సున్నా పెడుతుంది. వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్, లీటర్లు, ఈ మూడింటిలోనూ ఆ సున్నాను చెరిపేయండి. ఖాళీ గడి అంటే ఇంకా పరీక్షించలేదని అర్థం. సున్నా అంటే పరీక్షిస్తే సున్నా వచ్చిందని అర్థం. ఈ రెండూ కలిసిపోతే సగటులన్నీ పాడవుతాయి, పరీక్ష మరిచిపోయిన నమూనాలు ఏవో ఎప్పటికీ తెలియదు.

తెలుగు పేర్ల విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. మనకు రెండక్షరాలుగా కనిపించే లక్ష్మి అన్న పేరు యూనికోడ్‌లో ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఇంగ్లిషు పేర్ల లెక్కన ఫీల్డు సైజు 20 పెడితే ఇంటిపేరుతో కలిసిన పూర్తి పేరు మధ్యలోనే ఆగిపోతుంది. షార్ట్ టెక్స్ట్ 255 వరకు అనుమతిస్తుంది కాబట్టి 100 పెట్టడంలో నష్టం లేదు. రెండోది, సభ్యుల జాబితా ఇప్పటికే డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లలో టైపు చేయించి ఉంటే దాన్ని యూనికోడ్‌లోకి మార్చిన తర్వాతే దిగుమతి చేయాలి. అను ఫాంటు అక్షరాలు తెర మీద తెలుగులా కనిపిస్తాయి తప్ప లోపల తెలుగు సంకేతాలు కావు. వెతికితే దొరకవు, అకారాది క్రమంలో అమరవు.

ఫీల్డుల అసలు పేర్లను ఇంగ్లిషు అక్షరాలలో ఖాళీలు లేకుండా పెట్టి, క్యాప్షన్ ప్రాపర్టీలో తెలుగు రాయండి. ఫారం మీద కనిపించేది క్యాప్షనే. ఈ వ్యాసంలో తెలుగులో రాస్తున్న సూత్రాలను, ప్రాపర్టీ పేర్లను కూడా కంప్యూటర్‌లో ఇంగ్లిషు అక్షరాలతోనే టైపు చేయాలి.

మూడో అడుగు: కాపలా నియమాలు

నియమాలను ఫారంలో కాకుండా ముందు టేబుల్‌లోనే పెట్టాలి. ఫారంలో పెట్టిన నియమం ఆ ఒక్క ఫారానికే కాపలా కాస్తుంది. టేబుల్‌లో పెట్టినది ఎటు వైపు నుంచి డేటా వచ్చినా అడ్డుకుంటుంది. వెన్న శాతం ఫీల్డు వాలిడేషన్ రూల్‌లో ఈజ్ నల్ ఆర్ బిట్వీన్ 2 అండ్ 13 అని (ఖాళీ గడిని కూడా అనుమతించడానికే ఈజ్ నల్), వాలిడేషన్ టెక్స్ట్‌లో "వెన్న శాతం 2 నుంచి 13 మధ్య ఉండాలి. చుక్క సరిగా పడిందో లేదో చూడండి" అని రాయండి. ఏడు పాయింట్ ఒకటిని తొందరలో 1.7 అని కొట్టినా, చుక్క మరిచి 71 అని కొట్టినా ఈ నియమం అక్కడే ఆపుతుంది. హద్దు దాటితే తప్పు అనడమే కాకుండా ఏం చూసుకోవాలో కూడా చెప్పే సందేశం రాయడం కార్యదర్శి పట్ల మనం చూపే మర్యాద.

హద్దులను మరీ బిగించాలన్న కోరిక కలుగుతుంది, దానికి లొంగకండి. పాలు వట్టిపోయే దశకు చేరుతున్న గేదె పాలలో వెన్న శాతం మామూలు కంటే బాగా పెరుగుతుంది. పైహద్దు 8 అని పెడితే, నిజంగా 9 వచ్చిన రైతుకు 8 రాసే పరిస్థితి వస్తుంది, అంటే మన ఫారమే అతనికి నష్టం చేసినట్టు అవుతుంది. అసాధ్యమైన దాన్ని ఆపాలి, అరుదైన దాని వైపు చూపు మళ్లించాలి. ఆ రెండో పనికి కండిషనల్ ఫార్మాటింగ్ (షరతును బట్టి గడి రంగు మార్చే సౌకర్యం) ఉంది, దాని సంగతి కిందికి వస్తుంది.

ఒకే రైతు పాలు రెండుసార్లు నమోదు కాకుండా ఇండెక్సెస్ కిటికీలో పూట సంఖ్య, సభ్య సంఖ్య, పశువు సంకేతం మూడింటినీ కలిపి ఒక యునీక్ ఇండెక్స్ (అదే కలయికను రెండోసారి రానివ్వని ఏర్పాటు) పెట్టండి. ఆవు పాలు, గేదె పాలు రెండూ పోసేవారు ఉంటారు కాబట్టి పశువును వదిలేయకూడదు. పూటల టేబుల్‌లో తేదీ, పూట కలిపి మరో యునీక్ ఇండెక్స్ కావాలి. తర్వాత డేటాబేస్ టూల్స్ ట్యాబ్‌లోని రిలేషన్‌షిప్స్‌లో టేబుళ్లను కలిపి, ఎన్‌ఫోర్స్ రెఫరెన్షియల్ ఇంటెగ్రిటీ గడికి టిక్ పెడితే, లేని సభ్యుడి పేర పాలు నమోదు కావు.

రేటు, మొత్తం విషయంలో ఒక నిర్ణయం ముందే తీసుకోవాలి. రేటును ప్రతి వరుసలోనూ భద్రపరచండి; రేట్ల టేబుల్ నుంచి ప్రతిసారీ చూసి లెక్కగట్టే పద్ధతి వద్దు. డెయిరీ రేటు మార్చి, ఎవరో పాత రేటు మీదే కొత్తది రాసేస్తే, గడిచిన బిల్లులన్నీ మన కళ్లముందే మారిపోతాయి. రేట్ల టేబుల్‌లో పశువు సంకేతంతో పాటు అమలు మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఉండాలి. మొత్తం ఫీల్డును, సూత్రం ప్రకారం తానే లెక్కగట్టుకునే కాలిక్యులేటెడ్ రకంగా పెట్టుకోవచ్చు; ఈ రకం 2010 కూర్పు నుంచి అందుబాటులో ఉంది.

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం. 4.5 లీటర్ల గేదె పాలను కిలోలుగా మార్చడానికి 1.03తో గుణిస్తే 4.635 కిలోలు, వెన్న 7 శాతం అయితే 0.32445 కిలోల వెన్న. మొత్తం 259 రూపాయల 56 పైసలు. ఇందులో 7కు బదులు 6 పడితే రైతుకు 37 రూపాయల 8 పైసలు తగ్గుతుంది, అదీ ఒక్క పూటకే. 6 అనేది నియమాల ప్రకారం పూర్తిగా సబబైన అంకె, కాబట్టి ఏ వాలిడేషన్ రూలూ దాన్ని పట్టుకోలేదు. ఆ తప్పును పట్టుకోగలిగేది ఎదురుగా నిలబడిన మనిషి మాత్రమే. అందుకే ఫారంలో పేరు, వెన్న శాతం పెద్ద అక్షరాలతో కనిపించాలని, కార్యదర్శి వాటిని పైకి చదవాలని పట్టుబడతాను. మీ డెయిరీ ఎస్ఎన్ఎఫ్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటే దాని పట్టికకు తగినట్టు సూత్రం మార్చుకోండి. మొత్తాన్ని పైసలకు సవరించే రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు మొగ్గుతుంది, అంటే 25.125ను 25.12 చేస్తుంది, డెయిరీ లెక్కతో పైసల తేడా వస్తే ముందు ఇక్కడ వెతకండి.

నాలుగో అడుగు: ఫారం కట్టడం

ఈ ఫారానికి రెండు అంతస్తులు. పైన పూట వివరాలు, కింద ఆ పూటలో పోసిన పాల వరుసలు. కింది దాన్ని సబ్‌ఫారం అంటారు, ముందు దానినే కట్టాలి.

సబ్‌ఫారం కోసం పాల నమోదు, సభ్యుల టేబుళ్లను కలిపిన ఒక క్వెరీ (టేబుళ్ల నుంచి కావలసిన ఫీల్డులను తీసి చూపించేది) తయారు చేయండి. అందులో సభ్య సంఖ్యను పాల నమోదు టేబుల్ నుంచే తీసుకోవాలి. పేరును, ఆ సభ్యుడి ఇటీవలి సగటు వెన్న శాతాన్ని సభ్యుల టేబుల్ నుంచి తీసుకోవాలి. ఇలా చేస్తే సంఖ్య కొట్టగానే పేరు తనంతట తానే ప్రత్యక్షమవుతుంది. తర్వాత క్రియేట్ ట్యాబ్‌లో ఫారం డిజైన్ ఎంచుకుని, ఎఫ్4 నొక్కి ప్రాపర్టీ షీట్ తెరిచి, రికార్డ్ సోర్స్‌లో ఆ క్వెరీని, డిఫాల్ట్ వ్యూలో కంటిన్యువస్ ఫారమ్స్‌ను పెట్టండి. యాడ్ ఎగ్జిస్టింగ్ ఫీల్డ్స్ పట్టీ నుంచి గడులను లాగి ఒకే వరుసలో అమర్చండి: సభ్య సంఖ్య, పేరు, పశువు, లీటర్లు, వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్, రేటు, మొత్తం.

పేరు గడికి లాక్డ్ ప్రాపర్టీని ఎస్ చేయడం మరవకండి. అది సభ్యుల టేబుల్‌కు నేరుగా తగిలి ఉంటుంది కాబట్టి, ఎవరైనా అక్కడ పొరపాటున టైపు చేస్తే ఈ వరుస ఒక్కటే కాదు, సభ్యుడి అసలు పేరే మారిపోతుంది. రేటు, మొత్తం గడులనూ లాక్ చేసి, ఈ మూడింటికీ ట్యాబ్ స్టాప్‌ను నో చేయండి.

కీబోర్డు మీద చేయి ఎక్కడెక్కడికి వెళుతుందో ఇక్కడ ఆలోచించాలి. సభ్య సంఖ్య, లీటర్లు, వెన్న, ఎస్ఎన్ఎఫ్ అన్నీ అంకెలే. పశువుకు కూడా 1 ఆవు, 2 గేదె అని సంకేతం పెడితే కుడిచేయి అంకెల పలక వదలకుండా వరుస మొత్తం పూర్తవుతుంది. అందుకే ఇక్కడ మౌస్‌తో జాబితా విప్పి ఎంచుకునే ఏర్పాటును నేను సమర్థించను. కాంబో బాక్స్ పెట్టినా దానిలో సంఖ్య టైపు చేయగలిగేలా ఉండాలి, లిమిట్ టు లిస్ట్ ఎస్ అని ఉండాలి. ఎక్కువమంది ఒకే రకం పాలు పోస్తారు కాబట్టి, సభ్యుల టేబుల్‌లో వారి మామూలు పశువు సంకేతం ఉంచి, సభ్య సంఖ్య గడి నింపగానే నడిచే ఆఫ్టర్ అప్‌డేట్ ఈవెంట్‌లో దాన్ని నింపితే ఇంకొక నొక్కు తగ్గుతుంది.

రేటును వరుస సేవ్ కాబోయే ముందు నడిచే ఫారం బిఫోర్ అప్‌డేట్ ఈవెంట్‌లో తెప్పించండి. వెన్న శాతం గడి ఈవెంట్‌లో పెడితే, తర్వాత పశువు సంకేతం దిద్దినప్పుడు పాత రేటే మిగిలిపోతుంది. ఆ తేదీకి రేటు దొరకకపోతే వరుసను సేవ్ కానివ్వకూడదు. విజువల్ బేసిక్ కోడు రాసే కిటికీ తెలుగు అక్షరాలను నిలుపుకోలేదు, అక్కడ రాసిన తెలుగు సందేశం ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. అందుకే తెలుగు సందేశాలను ఒక చిన్న టేబుల్‌లో దాచి, అవసరమైనప్పుడు ఫారం మీది ఎర్ర లేబుల్‌లో చూపించండి. వాలిడేషన్ టెక్స్ట్‌లో రాసిన తెలుగుకు ఈ ఇబ్బంది లేదు.

ఇప్పుడు వెన్న శాతం గడిని ఎంచుకుని కండిషనల్ ఫార్మాటింగ్ తెరవండి. ఎక్స్‌ప్రెషన్ ఈజ్ అన్న చోట, ఈ పూట శాతానికీ సభ్యుడి సగటుకూ తేడా 1 దాటితే గడి పసుపు రంగుకు మారాలని రాయండి. రెండు రకాల పాలు పోసేవారికి సగటులు విడివిడిగా ఉండాలి. పసుపు గడి ఎవరినీ ఆపదు, మళ్లీ ఒకసారి యంత్రం వైపు చూడమంటుంది. సగటులను పూట ముగిసినప్పుడు ఒక అప్‌డేట్ క్వెరీతో తాజా చేస్తే చాలు.

సబ్‌ఫారం ఫుటర్‌లో మొత్తం లీటర్లు, వరుసల సంఖ్య చూపించే గడులు పెట్టండి. సమ్ ఫంక్షన్ ఫీల్డు పేరునే గుర్తిస్తుంది, ఫారం మీది లెక్కగట్టిన గడి పేరును గుర్తించదు. చాలామంది ఇక్కడే ఎర్రర్ చూసి చిక్కుకుపోతారు. ఈ మొత్తాన్ని క్యాన్ల కొలతతో పోల్చితే ఆ పూట తప్పు ఆ పూటే తెలుస్తుంది.

పై అంతస్తును పూటల టేబుల్ మీద సింగిల్ ఫారంగా కట్టి, సబ్‌ఫారాన్ని దాని మీదకు లాగండి. లింక్ మాస్టర్ ఫీల్డ్స్, లింక్ చైల్డ్ ఫీల్డ్స్ రెండింటిలోనూ పూట సంఖ్య ఉండాలి. తేదీకి డిఫాల్ట్ వాల్యూగా డేట్ ఫంక్షన్‌ను, పూటకు మధ్యాహ్నం 12 గంటల ముందైతే 1, తర్వాతైతే 2 వచ్చే సూత్రాన్ని ఇవ్వవచ్చు. అయితే కరెంటు లేక ఉదయం కాగితం మీద రాసుకున్నది సాయంత్రం ఎక్కించే రోజులు ఉంటాయి, ఆ రోజుల్లో ఈ సౌకర్యమే తప్పు పూటను తెచ్చి పెడుతుంది. తేదీ, వారం, పూట మూడూ ఫారం పైభాగంలో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో కనిపించాలి. అలౌ డిలీషన్స్‌ను రెండు ఫారాలకూ నో చేయండి. పూట ముగిసిందని టిక్ పడ్డాక సబ్‌ఫారంలో మార్పులు, కొత్త వరుసలు రెండూ ఆగిపోవాలి. తర్వాతి దిద్దుబాట్లు ఎవరు, ఎందుకు చేశారో రాసే వేరే టేబుల్ ద్వారానే జరగాలి.

ట్యాబ్ ఆర్డర్ కిటికీని చివరగా చూడండి, ఎందుకంటే గడులను జరిపిన ప్రతిసారీ వరుస చెదిరే అవకాశం ఉంది. సబ్‌ఫారం సైకిల్ ప్రాపర్టీని ఆల్ రికార్డ్స్‌గా ఉంచితే, ఎస్ఎన్ఎఫ్ కొట్టి ఎంటర్ నొక్కగానే కొత్త వరుసలో సభ్య సంఖ్య గడికి చేరతాము.

రూపం గురించి ఎక్కువ చెప్పను. నిర్మల యూఐ వంటి యూనికోడ్ ఫాంటును 14 సైజులో వాడి, గడుల ఎత్తును ఇంగ్లిషుకు సరిపోయే దానికంటే పెంచండి. లేకపోతే కింది ఒత్తులు తెగిపోయి, వెంకమ్మ కాస్తా వెంకమగా కనిపిస్తుంది. బ్యాంకు ఖాతా, ఆధార్ వివరాలకు ఈ తెర మీద చోటు లేదు. వరుసలో నిలబడిన వారందరి కళ్లూ దీని మీద ఉంటాయి కాబట్టి అవి వేరే ఫారంలో, వేరే ఫైలులో ఉండాలి.

ఐదో అడుగు: పరీక్ష, అప్పగింత

పాత రిజిస్టరులోంచి మూడు రోజుల పుటలు తీసి, రోజూ ఆ పని చేసే మనిషి చేతనే ఎక్కించండి. పక్కన కూర్చోండి, ఏమీ చెప్పకండి. అతను ఎక్కడ ఆగాడు, ఎక్కడ మౌస్ కోసం చేయి చాచాడు, ఏ సందేశం చదవకుండా నొక్కేశాడు అన్నవి రాసుకుంటే దిద్దవలసిన జాబితా దానంతట అదే తయారవుతుంది. తర్వాత మీరే కావాలని తప్పులు కొట్టి చూడండి: లేని సభ్య సంఖ్య, ఒకే సభ్యుడు రెండుసార్లు, 71 శాతం వెన్న, రేపటి తేదీ. వరుస మధ్యలో కంప్యూటర్ ఆపి కూడా చూడాలి. యాక్సెస్ ఒక వరుసను దాటగానే దాన్ని ఫైలులో రాస్తుంది కాబట్టి పోవలసింది ఆ సగం వరుస ఒక్కటే.

అంతా కుదిరాక డేటాబేస్ టూల్స్‌లోని యాక్సెస్ డేటాబేస్ బటన్‌తో ఫైలును రెండుగా విడగొట్టండి. టేబుళ్లు ఒక ఫైలులో, ఫారాలు మరొక ఫైలులో ఉంటే, రేపు ఫారం మార్చవలసి వచ్చినప్పుడు డేటాను తాకకుండా ఫారాల ఫైలును మాత్రమే మార్చవచ్చు. ఫారాల ఫైలును, ఎవరూ ఫారాలను దిద్దలేని ఏసీసీడీఈ రూపంలో కేంద్రానికి ఇచ్చి, అసలు ఏసీసీడీబీ ప్రతిని మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి, ఎందుకంటే ఏసీసీడీఈ నుంచి వెనక్కి రావడం కుదరదు. డేటా ఫైలు నకలును పూట పూటకూ పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి. ఇంటర్నెట్‌తో తనంతట తాను సమన్వయం అయ్యే ఫోల్డరులో మాత్రం నడుస్తున్న ఫైలును ఉంచవద్దు, అది చెడిపోయే ప్రమాదం ఉంది.

మొదటి రెండు బిల్లుల కాలం కాగితం రిజిస్టరునూ కొనసాగించండి. బిల్లు రోజున రెండింటి మొత్తాలను సభ్యుల వారీగా పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతి వరుసనూ రైతు పాస్ పుస్తకంతో సరిచూడండి. రెండు బిల్లులూ పైసాతో సహా కలిసిన తర్వాతే కాగితం మీద రాయడం ఆపాలి.